నూకరత్నం పుస్తకానికి తోక

అనగనగా ఒక ఊరు. ఏ ఊరని అడక్కండి, ఏ కాలమని అంతకన్నా అడక్కండి. మా అమ్మమ్మ నాకు చెప్పేనాటికే ఇది పాతకథ. చెప్పడం నా పని, ఊఁ కొట్టడం మీ పని. మధ్యలో ఎవరైనా ఊఁ మర్చిపోతే నేనూ కథ మర్చిపోతాను, నాకేం పోయింది.

ఆ ఊళ్ళో ఒక వీధి ఉండేది. వారమంతా అది బట్టల దుకాణాల వీధి. ఆదివారం దుకాణాలు మూసేవారు. ఆ మూసిన తలుపుల ముందు, అరుగుల మీదా, నేలమీద గోనెపట్టాల మీదా పాత పుస్తకాలు పరిచేవారు. బడి పుస్తకాలు, వైద్యం పుస్తకాలు, వంటల పుస్తకాలు, జాతకాల పుస్తకాలు, కథల పుస్తకాలు. అట్ట ఉన్నవి కొన్ని, లేనివి బోలెడు. జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి గొంతుక్కూచుని ఆ గుట్టల్లో చేతులు పెట్టి వెతుక్కునేవారు. ఆదివారం వీధి అంటే చాలు, చుట్టుపక్కల ఎవరికైనా తెలిసేది.

అక్కడ అమ్మేవాళ్ళకి ఒకటే బాధ. జనం కొనరు, నిలబడి చదువుతారు. ఒకాయన పొద్దున్నే వచ్చి ఒక కథల పుస్తకం తీస్తాడు. ఈ కాలు నొప్పెడితే ఆ కాలి మీద, ఆ కాలు నొప్పెడితే ఈ కాలి మీద నిలబడి మధ్యాహ్నానికల్లా ఆఖరి పేజీ చదివేస్తాడు. "బాగానే ఉందిలే" అని గుట్టలో పడేసి చక్కా పోతాడు. ఒళ్ళు మండదూ? అందుకని వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. కథల పుస్తకం చేతికి రాగానే చివరి కాగితాలు కొన్ని చింపి ఒక గుడ్డసంచిలో వేసేవారు. వాటిని తోక అనేవారు. పుస్తకం కొంటే సంచిలోంచి తోక తీసి చేతిలో పెడతారు. కొనకపోతే కథ గాల్లో ఉండిపోతుంది.

ఉపాయం బాగానే ఉంది. కానీ రద్దీలో సంచిలో చెయ్యి పెడితే ఎవరి తోక ఎవరికొస్తుందో దేవుడికెరుక. కొన్ని తోకలు వానకి తడిసి ముద్దయ్యేవి. కొన్ని బఠాణీల బండి మీదికి పొట్లాలై పోయేవి. కొన్నవాళ్ళు వెనక్కొచ్చి అడిగితే, "వచ్చే వారం చూద్దాంలే" అనేవారు. ఆ వచ్చే వారం ఎప్పుడూ వచ్చేది కాదు. ఊఁ అనండి.

ఆ ఊరి చివర సూరప్ప అని గొడుగులు బాగుచేసేవాడు ఉండేవాడు. అతని పెళ్ళాం నూకరత్నం. తాటాకు విసనకర్రలు అల్లి అమ్మేది. పిల్లల్లేరు. ఆమెకి అక్షరం ముక్క రాదు గానీ కథలంటే ప్రాణం. సూరప్పకి కూడబలుక్కుని చదవడం వచ్చు. అతనికో గొప్ప కూడా ఉంది. వంకాయలు కొన్నా, తాడు కొన్నా, "బజార్లో నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు రత్నం" అని అనాల్సిందే. ఆమె మూతి తిప్పుకునేది.

ఒక ఆదివారం అతను ఒక కథల పుస్తకం కొనుక్కొచ్చాడు. సందెదీపం పెట్టగానే దాని ముందు కూర్చుని చదవడం మొదలుపెట్టాడు.

"ఏటికి అవతలి ఊళ్ళో ఉప్పు లేదు."

అదీ మొదటి ముక్క. అవతలి ఊళ్ళో జనం చప్పిడి గంజి తాగుతున్నారు. ఇవతలి ఒడ్డున ఉన్న ఒక పిల్ల ఉప్పు గంప నెత్తిన పెట్టుకుని ఏట్లో దిగింది. నడి ఏట్లో ఉండగా పైనుంచి వరద వచ్చింది. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి, నడుముకొచ్చాయి, మెడకొచ్చాయి. గంప తడిస్తే ఉప్పు కరిగిపోతుంది. కాలు జారితే పిల్ల కొట్టుకుపోతుంది. నూకరత్నం అల్లుతున్న విసనకర్ర పక్కన పడేసింది.

సూరప్ప కాగితం తిప్పాడు. ఆగాడు. ఉన్నట్టుండి ఒక నవ్వు నవ్వాడు. ఆ వెంటనే మొహం మాడ్చుకున్నాడు. పుస్తకం మూసేశాడు.

"ఆ పిల్ల ఏరు దాటిందా లేదా?" అంది నూకరత్నం.

"మిగతాది రేపు" అన్నాడు సూరప్ప.

మర్నాడు అడిగితే కళ్ళు మంటలన్నాడు. ఆ మర్నాడు దీపంలో నూనె చాలదన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా మళ్ళీ మొదటినుంచి చదివేవాడు. ఉప్పు లేదు, గంప ఎత్తుకుంది, వరద వచ్చింది, మెడదాకా నీళ్ళు. అక్కడ ఆపేసేవాడు. ఆ పిల్ల ఏరు దాటిందా లేదా అంటే, మిగతాది రేపు.

ఇది ఇట్లా ఉండగా ఇంకోటి మొదలైంది. ఆదివారం వచ్చిందంటే సూరప్ప ఇంట్లో ఉండడు. గొడుగుల సామాను మూలన అట్లాగే ఉంటుంది, మనిషి మాత్రం మాయం. ఎక్కడికయ్యా అంటే పనుందంటాడు. ఆ బట్టల వీధి వెనక సందులో పేకాట కొంప ఉందని ఊరందరికీ తెలుసు. మొగుడు ఆ వైపు పోతుంటే చూశామని ఇద్దరు ముగ్గురు చెప్పారు కూడా.  ఇంట్లో ఒక కథ పూర్తి చెయ్యడానికి తీరిక లేదు గానీ పేకాటకి తీరిక ఉందా అనుకుంది నూకరత్నం. మీరైనా అదే అనుకుంటారు.

ఒక ఆదివారం ఆకాశం మబ్బు పట్టి ఉంది. సూరప్ప గడప దాటుతున్నాడు. నూకరత్నం వెనకనుంచి అంది.

"పో, పేకాటకి పో. ఇక జన్మలో నా ముందు ఆ పుస్తకం తెరవకు."

సూరప్ప ఏదో చెప్పబోయాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం నిలువునా తడిసి వచ్చాడు. గొడుగులు బాగుచేసేవాడు గొడుగు లేకుండా తడిసి వచ్చాడు. జ్వరం తగిలింది. మూడు రోజులు ఒళ్ళు పెనంలా కాలింది. మూడో రోజు నూకరత్నం చెయ్యి పట్టుకుని, "రేపు... రేపు" అన్నాడు. ఆ రేపు అతను చూడలేదు.

కర్మకాండ రోజుల్లో సూరప్ప తమ్ముడొకడు వచ్చి ఇల్లు సర్దుతానని సర్దాడు. విరిగిన గొడుగు ఊచలూ, తుప్పు పట్టిన సామానూ, వాటితోపాటు ఆ పుస్తకమూ పాతసామాన్ల వాడికి వేసేశాడు. పాపం, వాడికేం తెలుసు. అంతా అయ్యాక నూకరత్నం మూలమూలా వెతికింది. పుస్తకం లేదు.

అప్పుడు పట్టుకుంది ఆమెకి బెంగ. ఆ కథ గురించి తన నోటితో అన్న ఆఖరి మాట ఆ పుస్తకం తెరవకని. అతని నోటి ఆఖరి మాట రేపు అని. ఆ రేపటి కథ పుస్తకంలో ఉండిపోయింది, పుస్తకం ఎక్కడుందో తెలీదు. పిల్ల ఏరు దాటిందో లేదో, ఇంత చిన్న సంగతి చెప్పకుండా ఎందుకు దాచాడు? తనని ఏడిపించడానికా? ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే ఆలోచన, పడుకుంటే అదే ఆలోచన. పాత పుస్తకాలన్నీ చివరికి ఆదివారం వీధికే చేరతాయని ఎవరో అన్నారు. విసనకర్రల కట్ట భుజాన వేసుకుని బయల్దేరింది.

వీధిలోకి వచ్చి చూస్తే గుట్టలు గుట్టలు పుస్తకాలు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆమెకి తెలిసింది మొదటి ముక్క ఒక్కటే. గుట్టలోంచి ఒక పుస్తకం తీసి, కనిపించినవాడి చేతిలో పెట్టింది.

"మొదటి ముక్క చదివిపెట్టు నాయనా."

వాడు చదివాడు. అది కాదు. ఇంకోటి తీసింది. మొదటి ముక్క చదివిపెట్టు నాయనా. అదీ కాదు. పొద్దు వాలేదాకా ఇదే పని.

మొదట్లో అందరూ నవ్వారు. చదువు రాని మనిషి పుస్తకం వెతకడమేమిటని. తర్వాత విసుక్కున్నారు. గుట్టలన్నీ చెల్లాచెదురు చేస్తోందని కసిరారు. అందరిలోకీ ఎక్కువ కసిరినవాడు దస్తగిరి. వీధి మొగలో, లోపలికి రాగానే కనిపించే పెద్ద అరుగు అతనిది, గొంతు కూడా అంత పెద్దదే. ఒకసారి ఆమె చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు కూడా. నూకరత్నం మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చింది. ఎండలో వచ్చింది, చలిలో వచ్చింది, వానలో వచ్చింది. ఉక్కగా ఉన్నప్పుడు చదివిపెట్టేవాళ్ళకి విసనకర్రతో విసిరేది.

ఇక అలవాటైపోయింది వాళ్ళకి. కొత్త మూట విప్పితే చాలు, ఆమె అడగకముందే ఒక్కో పుస్తకం తీసి మొదటి ముక్క పైకి చదివేవారు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా మొదటి ముక్కలు వినిపించేవి. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా చదివి, అవునా కాదా అని ఆమె వంక చూసేవారు. ఆమె తల అడ్డంగా ఊపేది.

ఏళ్ళు గడిచాయి. ఎన్నేళ్ళంటే, నూకరత్నం జుట్టు నెరిసినన్ని ఏళ్ళు.

ఒక ఆదివారం దస్తగిరి పొరుగూరినుంచి వచ్చిన మూట విప్పాడు. అట్ట లేని పుస్తకం ఒకటి తీశాడు. బఠాణీలు నములుతూ, ఎటో చూస్తూ, అలవాటుగా చదివేశాడు.

"ఏటికి అవతలి ఊళ్ళో ఉప్పు లేదు."

చదివి కింద పెట్టబోయాడు. నూకరత్నం తల అడ్డంగా ఊపలేదు. భుజం మీది విసనకర్రల కట్ట దించి అరుగు అంచున కూర్చుంది.  

"మొత్తం చదువు నాయనా" అంది.

వీధిలో బేరాలు ఆగిపోయాయి. అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. దస్తగిరి గొంతు సవరించుకుని చదివాడు. గంప ఎత్తుకుంది, ఏట్లో దిగింది, వరద వచ్చింది. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి, నడుముకొచ్చాయి, మెడకొచ్చాయి. దస్తగిరి కాగితం తిప్పబోయాడు. తిప్పడానికి కాగితం లేదు. తోక చింపేసి ఉంది.

అతను పుస్తకం వంక చూశాడు. ఆమె మొహం వంక చూశాడు. తోక లేదని ఆమెతో చెప్పడానికి అతనికి మనసొప్పలేదు. చదువుతున్నట్టే చూపు కిందికి పెట్టి సొంతంగా మొదలుపెట్టాడు. పిల్ల దేవుణ్ణి తలుచుకుంది, వరద తగ్గింది, ఒడ్డెక్కింది. ఊరివాళ్ళు మేళతాళాలతో ఎదురొచ్చారు. ఊరి పెద్ద తన కొడుకునిచ్చి పెళ్ళి చేశాడు. పెళ్ళి భోజనంలో పప్పులో ఉప్పు సరిగ్గా సరిపోయిందట. చుట్టూ ఉన్నవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు.

నూకరత్నం మాత్రం తల అడ్డంగా ఊపింది.

"బాగా చెప్పావు నాయనా. కానీ ఇంతసేపూ నువ్వు కాగితం తిప్పలేదు."

దస్తగిరి చెవులు ఎర్రబడ్డాయి. తోక లేదమ్మా అని ఒప్పుకున్నాడు. ఆ చిరుగుని వేలితో తడిమి చూశాడు. ఒక్కొక్కరి చింపుడు ఒక్కోలా ఉంటుంది. ఎడమచేత్తో చింపి కింది మూల వదిలేసేది వీధి మొత్తానికీ అతనొక్కడే.

"మీ ఆయన ఏం చేసేవాడమ్మా?" అని అడిగాడు. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు ఆ మాట.

"గొడుగులు బాగుచేసేవారు."

దస్తగిరి అరుగు దిగి ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు. ఇక దాచకుండా చెప్పాడు. చాలా ఏళ్ళ కిందట గొడుగులు బాగుచేసే ఒక సన్నపాటి మనిషి ఈ పుస్తకం కొన్నాడు. రద్దీలో తను వేరే తోక ఇచ్చేశాడు. అది వంటల పుస్తకం తోక. ఆ మనిషి మరుసటి వారం దాన్ని పట్టుకొచ్చి, నడి ఏట్లో పిల్ల ఉంటే తర్వాతి పేజీలో మామిడి ముక్కలకి ఆవపిండి పట్టించి మూడు రోజులు ఊరనివ్వమని ఉందయ్యా అన్నాడు. తను దాన్ని పైకి చదివి వీధి అంతా నవ్వేలా చేశాడు. వచ్చే వారం చూద్దాంలే అని పంపేశాడు. అతను వచ్చే వారం వచ్చాడు. ఆ పై వారమూ వచ్చాడు. ఆదివారం ఆదివారం వచ్చి ఆ సంచి ముందు కూర్చుని తోకలు ఒక్కొక్కటే తీసి చూసేవాడు. అతని మాట తను సగం కూడా వినేవాడు కాదు.

"ఒక రోజు వాన మొదలైందమ్మా. అందరం సర్దేసుకుంటున్నాం. ఆయన కదల్లేదు. ఇంట్లో మనిషి ఎదురుచూస్తోంది, ఇంకొక్కసారి చూడనీ బాబూ అన్నాడు. నేను సంచి లాక్కుని పోయాను. ఆ తర్వాత ఆయన రాలేదు. పీడ వదిలిందనుకున్నాను."

నూకరత్నం తల ఎత్తి అతని వంక చూసింది.

"పేకాటకి కాదా?" అంది.

"పేకాటా? ఆయన ఈ అరుగు వదిలి ఎటూ పోలేదమ్మా."

అప్పుడు ఏడ్చింది నూకరత్నం. అతను పోయిననాడు కూడా అంత ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకోకుండా, అంతమంది ముందు, గుక్కపట్టి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో నవ్వింది. ఆ మొదటి సాయంత్రం అతను ఆవకాయ చూసి నవ్వాడని ఆమెకి ఇప్పుడు తెలిసింది. మొహం ఎందుకు మాడ్చుకున్నాడో కూడా తెలిసింది.

"బజార్లో మోసపోయానని పెళ్ళాంతో చెప్పుకోలేకపోయాడు పిచ్చిమారాజు" అంది. "చెప్తే ఏం పోయేది? ఇద్దరం కలిసొచ్చి నీ సంచి చించి పోగులు పెట్టేవాళ్ళం కదయ్యా."

దస్తగిరి లేచి లోపలినుంచి తోకల సంచి తెచ్చాడు. ఆమె ముందు బోర్లించాడు. చుట్టూ ఉన్న అమ్మేవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒక్కొక్కరే వెళ్ళి తమ సంచులు తెచ్చి బోర్లించారు. వీధి మధ్య తోకల గుట్ట పడింది. నూకరత్నానికి చదువు రాదు. చిరుగు పక్కన చిరుగు ఆనించి చూడటానికి చదువెందుకు? అందరూ కూర్చున్నారు, ఆమె కూడా కూర్చుంది. ఎక్కడెక్కడి కథలకో తోకలు అతికాయి. ఆమె పుస్తకానికి మాత్రం ఏదీ అతకలేదు.

నేను అతికిందని చెప్తే మీరు సంతోషిస్తారు. నాకూ చెప్పాలనే ఉంది. అతకలేదు మరి, ఏం చెయ్యను.

అట్లాగని ఆమె మానలేదు. ప్రతి ఆదివారం దస్తగిరి అరుగు మీద ఒక పక్కన కూర్చునేది. సంగతి ఊళ్ళకి పాకింది. తోక లేని పుస్తకాలు ఇంట్లో ఉన్నవాళ్ళు పట్టుకొచ్చేవారు. ఆమె చిరుగులు ఆనించి చూసి, కుదిరితే తుమ్మజిగురుతో అతికించి ఇచ్చేది. అతికాక ఒక్కటే అడిగేది. చివరి ముక్క చదివిపెట్టు నాయనా. విని, తల నిలువుగా ఊపి, పుస్తకం చేతిలో పెట్టేది. అమ్మేవాళ్ళు తోకలు చింపడం మానేశారు. చింపాలని చెయ్యి పోయినా, ఎదురుగా ఆమె కూర్చుని ఉంటే ఎట్లా చింపుతారు?

ఆమెకి బాగా వయసు మీదపడ్డాక ఒకనాడు దస్తగిరి అడిగాడు. అప్పటికి అతనూ ముసలివాడే.

"అమ్మా, ఆ పిల్ల ఏరు దాటిందంటావా?"

"నాకేం తెలుసు? తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది" అంది నూకరత్నం. "పైకెళ్ళాక ఆయన కనిపిస్తే ముందు కాళ్ళమీద పడతాను, ఆ మాట అన్నందుకు. తర్వాత ఇద్దరం కూర్చుని నిన్ను తిడతాం."

"తిట్టండమ్మా" అన్నాడు దస్తగిరి.

ఆ చలికాలమే ఆమె పోయింది. దస్తగిరి కొడుకులా ముందు నడిచాడు. ఆదివారం వీధి వాళ్ళందరూ వెనక నడిచారు. ఆ వారం ఒక్క గోనెపట్టా పరవలేదు.

ఇప్పుడూ ఆ వీధి ఉంది. బట్టల దుకాణాలు మారాయి, మనుషులు మారారు, ఆదివారం పుస్తకాలు మాత్రం పరుస్తారు. అక్కడ ఏ పుస్తకమైనా తీసి ఆఖరి పేజీ నిలబడి చదువుకోవచ్చు, ఎవరూ కసరరు. కొంటే అమ్మేవాడు వెనక్కి తిప్పి, "నూకరత్నం చూసిందే" అని చివరి కాగితం చూపించి మరీ ఇస్తాడు. మొగలో ఉన్న పెద్ద అరుగు మీద ఒక పాత పుస్తకం ఉంటుంది. అట్ట లేదు, తోక లేదు, అది అమ్మరు. పాత మూటల్లో ఎవరికైనా విడి కాగితాలు దొరికితే, ఇంటికి పట్టుకుపోయే ముందు, బఠాణీ పొట్లం విప్పిన కాగితమైనా సరే, ఆ అరుగు దగ్గర ఆగుతారు. ఆ పుస్తకం చిరుగుకి ఒకసారి ఆనించి చూస్తారు.

ఇంకా అతకలేదు. చూడకుండా మాత్రం ఎవరూ పోరు.